జనాభా 772: కాన్సాస్‌లో ట్రిబ్యూన్ లాంటి ఊరు దేని మీద బతుకుతుంది?

#1 పడమటిగాలి

కాన్సాస్ పడమటి కొసన, కొలరాడో సరిహద్దును ఆనుకుని గ్రీలీ కౌంటీ ఉంది. దాని ముఖ్య పట్టణం ట్రిబ్యూన్. 2020 జనగణనలో ఊరి జనాభా 772, కౌంటీ మొత్తానికి 1,284. రాష్ట్రంలోని 105 కౌంటీల్లో ఇంతకన్నా తక్కువ జనం ఉన్నది ఇంకొకటి లేదు. విస్తీర్ణం మాత్రం 778 చదరపు మైళ్ళు. తలకు 388 ఎకరాలన్నమాట.

కాన్రాడ్ వేవర్ (డాక్టర్ల కొరత ఉన్న చోట పనిచేస్తే, జే-1 వీసా డాక్టర్లు స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న షరతును ఎత్తేసే మినహాయింపు) మీద ఇలాంటి ఊళ్ళకు వెళ్ళే మన డాక్టర్లు, వాళ్ళ కుటుంబాలు ముందుగా సెన్సస్ సైట్ తెరిచి మధ్యస్థ ఆదాయం (సగం ఇళ్ళు దానికి పైన, సగం కింద ఉండే అంకె) చూస్తారు. ఆ ఒక్క అంకెతోనే "పేద ఊరు" అనో "పర్లేదు" అనో తేల్చేస్తారు. తెలిసినవాళ్ళు విడమర్చి చెప్పండి. ఆ అంకెలో ఎవరున్నారు, ఎవరు లేరు? ఊళ్ళోకి డబ్బు ఏ దారిన వస్తుంది? ఎవరు ఏ పని చేస్తారు? పొగడ్తలూ జాలీ వద్దు, లెక్కలు కావాలి.

#2 లెక్కలపుస్తకం

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. సెన్సస్ సైట్‌లో ఆదాయం కింద కనబడేది జనగణన లెక్క కాదు, అమెరికన్ కమ్యూనిటీ సర్వే అంచనా. 65,000 కన్నా తక్కువ జనాభా ఉన్న చోటికి ఏడాదికేడాది అంచనా ఇవ్వరు. ఐదేళ్ళ నమూనాలు కలిపి ఒకటే ఇస్తారు. కాబట్టి 2022 అని రాసి ఉన్నది నిజానికి 2018 నుంచి 2022 దాకా కలిపి తీసిన లెక్క. గోధుమకు ధర పలికిన ఏడాదీ, వాన మొహం చాటేసిన ఏడాదీ అందులో కలిసిపోయి ఉంటాయి.

డీపీ03 పట్టికలో ఉద్యోగాలు, జీతాలు, సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) అందుకునే ఇళ్ళు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఇంటి మధ్యస్థ ఆదాయానికి బీ19013, తలసరికి బీ19301. ఏది తెరిచినా పక్కనున్న "మార్జిన్ ఆఫ్ ఎర్రర్" గడిని వదలకండి. ఊరికే ఉదాహరణకు అనుకుందాం: అంచనా 58,000 డాలర్లు, పక్కన ±14,000. అసలు విలువ 44,000 నుంచి 72,000 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, అదీ 90 శాతం నమ్మకంతోనే. పక్క ఊరికి 63,000 అని ఉంటే వాళ్ళు మెరుగని చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేనట్టే. 14,000ను 1.645తో భాగిస్తే ప్రామాణిక దోషం 8,511 వస్తుంది. అది 58,000లో సుమారు 15 శాతం. ఇది 30 శాతం దాటిన అంకె కనబడితే పక్కన పెట్టేయడం మేలు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటుంది. "ఊరు" అని ఎంచుకుంటే పురపాలక హద్దు లోపలి ఇళ్ళే లెక్కలోకి వస్తాయి. రైతు ఇల్లు ఆరు మైళ్ళ అవతల తన పొలంలోనే ఉంటుంది. అతని పిల్లలు చదివేది, పంట అమ్మేది, బ్యాంకు ఖాతా ఉండేది ట్రిబ్యూన్‌లోనే అయినా అంకెలో అతను లేడు. ఇలాంటి చోట్ల కౌంటీ పట్టికే తెరవాలి. అలాగే వృద్ధాశ్రమంలో ఉండేవాళ్ళు తలసరి లెక్కలోకి వస్తారు, ఇంటి మధ్యస్థంలోకి రారు. డెబ్బై ఎనభై ఏళ్ళవాళ్ళు ఎక్కువున్న చిన్న ఊళ్ళో ఆ రెండు అంకెలు పొంతన లేకుండా కనబడడానికి ఇదీ ఒక కారణం.

#3 మెట్టరైతు

డబ్బు దారి గోధుమ దగ్గర మొదలుపెడతాను. ఇక్కడ ఏడాది వర్షం 17 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. మన అనంతపురం కన్నా తక్కువే. కాబట్టి మెట్ట భూమిలో ఏటా పంట వేయరు. మూడేళ్ళలో రెండు పంటలు తీస్తారు. సెప్టెంబరు చివర గోధుమ వేస్తే మరుసటి ఏడు జూన్ నెలాఖరు, జూలై మొదట్లో కోత. మళ్ళీ వచ్చే వేసవి దాకా మోళ్ళు అలాగే వదిలేసి జొన్న వేస్తారు (దాన్ని వాళ్ళు మైలో అంటారు). జొన్న కోశాక పడావు. పడావంటే ఊరికే వదిలేయడం కాదు. కలుపు మొలిస్తే నేలలోని తేమ తాగేస్తుంది గనుక మందు కొడుతూనే ఉండాలి. రాబడి లేని ఆ ఏడాది కూడా పెట్టుబడి ఆగదు.

ఒక నమూనా లెక్క: 4,500 ఎకరాల సాగు, అంతా కోరుకు తీసుకున్న భూమి. ఈ ప్రాంతపు మెట్టలో వాడుక మూడింట ఒక వంతు భూస్వామికి, రెండు వంతులు సాగుదారుకు. గోధుమ 1,500 ఎకరాలు, ఎకరాకు 40 బుషెళ్ళు (బుషెల్ ధాన్యం కొలత, గోధుమకు సుమారు 27 కిలోలు), మొత్తం 60,000. అందులో సాగుదారు పాలు 40,000. బుషెల్ 5.20 డాలర్ల చొప్పున 2,08,000. జొన్న 1,500 ఎకరాలు, 60 బుషెళ్ళు, పాలు 60,000. 4 డాలర్ల చొప్పున 2,40,000. కలిపి 4,48,000 డాలర్లు. చూడడానికి ఘనంగానే ఉంటుంది. అందులోంచి విత్తనం, నత్రజని, కలుపు మందులు, డీజిల్, మరమ్మతులు, బీమా ప్రీమియం, యంత్రాల వాయిదాలు, బ్యాంకు వడ్డీ పోవాలి. గోధుమ 40కి బదులు 20 బుషెళ్ళే పండితే రాబడి లక్ష పైచిలుకు పడిపోతుంది. ఖర్చు మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

ఆ లోటును పూడ్చేది పంట బీమా. నాలుగు నుంచి పదేళ్ళ దిగుబడి చరిత్ర తీసి సగటు కడతారు. సగటు 40, ఎంచుకున్న రక్షణ 70 శాతం అయితే హామీ 28 బుషెళ్ళు. చలికాలపు గోధుమకు బీమా ధరను ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 14 దాకా కాన్సాస్ సిటీ జూలై ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే కుదుర్చుకునే బేరాల ధర) సగటుతో నిర్ణయిస్తారు. ధర 5.80గా స్థిరపడి కోతనాటికీ అంతే ఉంటే, 20 పండినప్పుడు తక్కువైన 8 బుషెళ్ళకు ఎకరానికి 46.40 వస్తుంది. పాలసీ తీసుకోవడానికి గడువు సెప్టెంబరు 30. చిక్కల్లా కరువు వరసగా వచ్చినప్పుడే. చెడ్డ దిగుబడులు చరిత్రలోకి ఎక్కి సగటును దించుతాయి, దాంతో హామీ దిగుతుంది. నిజంగా అవసరమైన మూడో ఏడాదికి బీమా పలచబడి ఉంటుంది.

#4 పడమటిగాలి

> కలిపి 4,48,000 డాలర్లు

మరి కౌంటీ పట్టికలో సాగుదారుల ఆదాయం అంత చిన్నదిగా ఎందుకు కనబడుతుంది? సర్వేకు తక్కువ చెబుతారా?

#5 మెట్టరైతు

తక్కువ చెప్పడం కాదండి. సర్వే అడిగేది ఖర్చులు పోను మిగిలిన నికరం. పన్ను పత్రంలో షెడ్యూల్ ఎఫ్ (సాగు రాబడి, ఖర్చుల పట్టిక) చివరి గీత కింద ఉండేది అదే. సెక్షన్ 179 కింద ట్రాక్టరు కొన్న ఏడాదే దాని ధరంతా ఖర్చుగా రాసుకునే వీలుంది. అందుకే మంచి పంట వచ్చిన డిసెంబరులో యంత్రాల దుకాణాలు కళకళలాడతాయి. ఆ ఏడాది నికరం సున్నా దగ్గరికి వస్తుంది, ఒక్కోసారి మైనస్‌లోకి పోతుంది. సర్వే మైనస్ ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక భూమి విలువ పెరగడం ఆదాయం కిందకి రాదు. మూడు క్వార్టర్లు (క్వార్టర్ అంటే 160 ఎకరాలు) సొంతంగా ఉన్న కుటుంబం ఆస్తిలో గట్టిదే. కానీ పట్టికలో దారిద్ర్య రేఖ పక్కన కనబడొచ్చు. ఆస్తి వేరు, చేతిలో ఆడే డబ్బు వేరు. చేతి డబ్బు శీతాకాలంలో బ్యాంకుతో తిరగరాసుకునే సాగు అప్పు మీద నడుస్తుంది. బ్యాంకువాళ్ళు అడిగేవి ఆస్తి అప్పుల పట్టిక, వచ్చే ఏడాది నెలవారీ ఖర్చు అంచనా, బీమా కాగితం. ఈ మూడింట్లో బీమా కాగితం లేకపోతే మాట ముందుకు సాగదు.

#6 కాటామనిషి

ఊరికి దూరం నుంచే కనబడేది ఎలివేటరు, అంటే ధాన్యం కొని నిల్వ చేసే ఎత్తైన గాదెలు. తెల్లటి కాంక్రీటు గొట్టాలు, పక్కన రైలు పట్టాలు. చాలాచోట్ల అది రైతుల సహకార సంఘానిదే. ఎరువులు, డీజిల్, మందులు కూడా అక్కడే అమ్ముతారు. లాభం మిగిలితే ఎవరు ఎంత వ్యాపారం చేశారో ఆ మేరకు పంచుతారు, కొంత నగదుగా, కొంత సంఘం పుస్తకంలో వాటాగా.

లారీ కాటా మీదికి రాగానే పొడవాటి గొట్టాన్ని గింజల్లో రెండు మూడు చోట్ల దించి నమూనా లాగుతారు. తేమ, బుషెల్ బరువు, మాంసకృత్తి, చెత్త చూస్తారు. గోధుమలో తేమ 13.5 శాతం దాటితే తరుగు తీస్తారు, మరీ పచ్చిగా ఉంటే వెనక్కి పంపుతారు. అందుకే పొద్దున్న మంచు ఆరేదాకా కోత మొదలవదు. బుషెల్ బరువు మొదటి తరగతికి 60 పౌండ్లు, రెండో తరగతికి 58. గింజ పండి నిలబడ్డాక వాన పడితే పొట్టు ఉబ్బి బరువు పడిపోతుంది. ధాన్యం అదే, ధర మాత్రం తగ్గిపోతుంది. 80,000 పౌండ్ల మొత్తం బరువు పరిమితిలో ఒక్క సెమీ లారీకి 900 బుషెళ్ళ దాకా పడతాయి. అంటే 24 టన్నుల పైచిలుకు.

ఊరి ధర ఎలా కడతారంటే, కాన్సాస్ సిటీ ఫ్యూచర్స్ ధర 5.80 ఉందనుకోండి. ఇక్కడి నుంచి మిల్లుకో రేవుకో చేర్చే రవాణా, నిల్వ ఖర్చు, స్థానిక గిరాకీ అన్నీ కలిపి 60 సెంట్లు తీసేసి 5.20 అని బోర్డు పెడతారు. ఆ 60 సెంట్ల తేడాను బేసిస్ అంటారు. రైతు రోజూ ఫోనులో చూసుకునేది ఫ్యూచర్స్ అయినా, అతని ఇంటి ఖర్చులు నడిచేది బేసిస్ మీద. పంట విరగపండి కొట్లు నిండిన ఏడాది అది 80కి, 90కి జారుతుంది.

ఈ పనిలో ప్రాణభయం ఉంది. గింజలు కిందికి జారుతున్న గాదెలో మనిషి కాలు పెడితే కొన్ని సెకన్లలో నడుము దాకా కూరుకుపోతాడు. అప్పుడు లాగితే రాడు. జారే పరికరం ఆపి, చుట్టూ రేకులు దింపి గోడలా కట్టి, లోపలి గింజ తోడాలి. ధూళి పేలుడు ఇంకో ప్రమాదం. 1998 జూన్ 8న విచితా దగ్గర హేస్‌విల్‌లో ఒక ఎలివేటరు పేలి ఏడుగురు చనిపోయారు. బేరింగు వేడెక్కితే చాలు, గాలిలో తేలే పిండిధూళి అంటుకుంటుంది. బేరింగులను చూసుకుంటూ ధూళి ఊడ్చే మనిషి పని చూడడానికి చిన్నదే గానీ, పదిమంది క్షేమం అతని చేతుల్లో ఉంటుంది.

#7 జూన్‌కోత

ఒక చేర్పు. కోత యంత్రాలు అందరికీ ఉండవు. టెక్సాస్‌లో మొదలుపెట్టి పంట పండే వరసలో ఉత్తరానికి కదిలే కోత బృందాలు వస్తాయి. వాళ్ళ రేటు మూడు అంకెల్లో చెబుతారు. "30-30-30" అంటే ఎకరాకు 30 డాలర్లు, 20 బుషెళ్ళు దాటిన ప్రతి బుషెల్‌కు 30 సెంట్లు, మోతకు బుషెల్‌కు 30 సెంట్లు. 45 పండిన చేలో 30 + 7.50 + 13.50, ఎకరానికి 51 డాలర్లు. ఆ బృందాల్లో హెచ్-2ఏ (తాత్కాలిక సాగు పనుల) వీసా మీద దక్షిణాఫ్రికా నుంచి వచ్చే కుర్రవాళ్ళు చాలామంది. వాళ్ళ వసతి, దారి ఖర్చు చట్టప్రకారం యజమానివే. ఆ రెండు మూడు వారాలు ఊళ్ళో మోటెలు, హోటలు, టైర్ల కొట్టు నిండుగా ఉంటాయి. వడగళ్ళు పడి చేలు పోతే ఆ బృందం నేరుగా నెబ్రాస్కాకు వెళ్ళిపోతుంది, ఆ డబ్బు ఊళ్ళో పడదు.

#8 బోరులోతు

గోధుమ ఒక ఎత్తు, నీళ్ళు ఒక ఎత్తు. మొక్కజొన్న, దాని మీద ఆధారపడిన పశువుల ఫీడ్‌లాట్లు (దాణా పెట్టి బలిపించే దొడ్లు), పందుల షెడ్లు, అన్నీ ఒగలాలా భూగర్భ జలం మీదే నిలబడ్డాయి. ఆ నీళ్ళు ఊరే దానికన్నా తోడేది ఎక్కువ. ఇందులో భిన్నాభిప్రాయం లేదు.

విమానం నుంచి కనబడే గుండ్రటి చేలు సెంటర్ పివట్లవి, అంటే చక్రాల టవర్ల మీద చేను మధ్య నుంచి గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లే పొడవాటి గొట్టాలవి. 160 ఎకరాల చదరంలో చక్రం తడిపేది 125 ఎకరాల చిల్లర, నాలుగు మూలలూ మెట్టే. బోరు నిమిషానికి 300 గ్యాలన్లు ఇస్తే రోజుకు 4,32,000 గ్యాలన్లు. ఎకరం మీద అంగుళం నీళ్ళకు 27,154 గ్యాలన్లు కావాలి. లెక్క కడితే 125 ఎకరాల మీద రోజుకు 0.13 అంగుళం కూడా పడదు. పూత దశలో మొక్కజొన్నకు రోజుకు దాదాపు 0.3 అంగుళం కావాలి. అంటే వాన సాయం లేకపోతే పంట రోజురోజుకూ అప్పులో పడుతుంది.

దీనికి మందు చక్రాన్ని సగం చేయడం. సగంలో మొక్కజొన్న, మిగతా సగంలో గోధుమ లేదా జొన్న. గోధుమకు నీళ్ళు ఏప్రిల్, మే నెలల్లో, మొక్కజొన్నకు జూలైలో. రెండూ ఒకదాని నీళ్ళు ఒకటి లాక్కోవు. అప్పుడు మొక్కజొన్న మీద 0.25 దాకా పడుతుంది. చాలామంది చేసే తప్పు, బోరు 500 నుంచి 300కు తగ్గినా పాత నాజిళ్ళే ఉంచడం. ఒత్తిడి పడిపోయి చివరి టవరు కింద చేను ఎండుతుంది. ఎక్కువ విస్తీర్ణం ఉండేది అక్కడే, వలయం పెద్దది కదా. నీటి రేటు మారిన ప్రతిసారీ నాజిళ్ళ సెట్టు మొత్తం మార్చాలి. పంపు గాలి పీలుస్తూ గరగరమంటుంటే వాల్వు బిగించి ప్రవాహం తగ్గించండి. అలాగే నడిపిస్తే పంపు లోపలి రెక్కలు అరిగిపోతాయి.

కాన్సాస్‌లో 1945 చట్టం ప్రకారం ముందు హక్కు పొందినవాడికే ముందు నీళ్ళు. దాని మీద రైతులే ఒప్పుకుని కోత పెట్టుకున్న చోటు షెరిడన్-6 మండలం. 2013లో ఐదేళ్ళకు కలిపి ఎకరానికి 55 అంగుళాలు అని పరిమితి పెట్టుకున్నారు. వాన ఏడాది మిగిల్చినది కరువు ఏడాది వాడుకోవచ్చు. అమెరికా పల్లెల గురించి వినే కబుర్లన్నింట్లో నాకు బాగా గౌరవం కలిగించేది ఇదే.

#9 పన్నుల_గుమస్తా

నీళ్ళు పోతే పన్నులూ పోతాయి, ఆ ముడి చెప్పాలి. కాన్సాస్‌లో ఇంటిని మార్కెట్ విలువలో 11.5 శాతానికి, వ్యాపార స్థలాన్ని 25 శాతానికి లెక్క కడతారు. సాగు భూమికి మార్కెట్ విలువ చూడరు. ఎనిమిదేళ్ళ సగటు సాగు రాబడిని బట్టి కట్టిన విలువలో 30 శాతం. దాని మీద వెయ్యికి ఇన్ని డాలర్లని మిల్ రేటు. 1,20,000 ఇంటికి పన్ను విలువ 13,800. రేటు 180 మిల్లులు అనుకుంటే ఏడాదికి 2,484 డాలర్లు. హైదరాబాదులో ఇంటి పన్ను కట్టినవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది గానీ బడి, ఆస్పత్రి, రోడ్లు దీని మీదే నడుస్తాయి.

బోరు ఎండి నీటి భూమి మెట్టగా మారితే దాని విలువ దిగుతుంది. ఖర్చు దిగదు. దాంతో రేటు పెరిగి ఊళ్ళోని ముసలమ్మ ఇంటి మీద భారం పడుతుంది. అందుకే 2009లో ట్రిబ్యూన్, గ్రీలీ కౌంటీ పాలనలను ఒక్కటి చేయడం నా దృష్టిలో మంచి పని. ఇంత తక్కువ జనానికి రెండు పాలనలు మోయడం కష్టం. పక్కనున్న హొరేస్ మాత్రం విడిగానే ఉంది. (కౌంటీ, ట్రిబ్యూన్, హొరేస్, మూడు పేర్లూ హొరేస్ గ్రీలీ అనే పత్రికా సంపాదకుడి నుంచీ, ఆయన పత్రిక నుంచీ వచ్చినవే.)

#10 పడమటిగాలి

మరి జీతం మీద బతికేవాళ్ళు?

#11 స్టెతస్కోపు

ఇలాంటి ఊళ్ళో నెలనెలా జీతం ఇచ్చే పెద్ద యజమానులు బడి, ఆస్పత్రి, కౌంటీ. ఆ తర్వాత సహకార సంఘం, ఫీడ్‌లాట్లు. ఫీడ్‌లాట్‌లో రోజూ గుర్రం మీద ప్రతి దొడ్డీ తిరిగి జబ్బు పశువును ఏరే మనిషి, దాణా మిల్లు నడిపేవాడు, దాణా లారీ తోలేవాడు. ఈ పనుల్లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. బడిలో పిల్లల సంఖ్యను నిలబెడుతున్నది చాలాచోట్ల వాళ్ళే.

ఆస్పత్రి "క్రిటికల్ యాక్సెస్" రకం. 1997 చట్టంతో వచ్చింది. 25 పడకలు మించకూడదు, 24 గంటలూ అత్యవసర విభాగం ఉండాలి, రోగులు ఉండే సగటు 96 గంటలు దాటకూడదు. బదులుగా మెడికేర్ (ముసలివాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) రేటు కార్డు ప్రకారం కాక, అయిన ఖర్చుకు 101 శాతం చొప్పున ఇస్తుంది. బడ్జెట్ కోత 2 శాతం పోయాక ఖర్చుకు కాస్త తక్కువే చేతికొస్తుంది. మిగతా లోటు గుమస్తాగారు చెప్పిన ఆస్తి పన్నే నింపాలి. నర్సు దొరక్క ఏజెన్సీ నుంచి తెప్పించుకుంటే ఖర్చు చాలా పెరుగుతుంది. మూతపడే ఆస్పత్రుల కథ ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

మన డాక్టర్లకు: కాన్రాడ్ కార్యక్రమం 1994 నుంచి ఉంది, ఏడాదికి రాష్ట్రానికి 30 మంది. మూడేళ్ళు, వారానికి 40 గంటలు, వేవర్ వచ్చిన 90 రోజుల్లో చేరాలి. ఒప్పందంలో "40 గంటలు" అన్నది క్లినిక్‌కేనా, అత్యవసర విభాగం పిలుపులు దాని మీద అదనమా అన్నది రాతలో ఉండాలి. ఇక్కడ ఒకే డాక్టరు పొద్దున్న క్లినిక్, మధ్యాహ్నం వృద్ధాశ్రమం, రాత్రి అత్యవసర విభాగం చూస్తారు. వదిలేస్తే కట్టాల్సిన పరిహారం ఎంతో, వెళ్ళాక చుట్టుపక్కల పనిచేయకూడదన్న షరతు ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి.

#12 లెక్కలపుస్తకం

స్టెతస్కోపు గారి మాటకు ఒక తోక. ఒక డాక్టరు కుటుంబం చేరితే ఇంత చిన్న కౌంటీలో సగటు ఆదాయం కదులుతుంది, మధ్యస్థం కదలదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సగటు బాగా పైకి ఉంటే కొద్దిమంది చేతిలో ఎక్కువ ఉందని అర్థం.

ఇంకోటి, బీఈఏ అనే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక గణాంకాల సంస్థ కౌంటీల తలసరి ఆదాయం ఏటా ఇస్తుంది. అందులో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ చెల్లింపులు, సాగు రాబడి అన్నీ కలుస్తాయి. పంట బాగున్న ఏడాది ఇలాంటి కౌంటీ రాష్ట్రంలో పై వరసలోకి ఎక్కుతుంది, మరుసటేడు దిగుతుంది. ఒక్క ఏడాది పట్టుకుని వాదించకండి, పదేళ్ళు వరసగా చూడండి.

#13 కొత్తకాపురం

జీవిత భాగస్వామికి పని దొరుకుతుందా? హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద.

#14 స్టెతస్కోపు

పని ఉంది, అనుమతే ముందు తేలాలి. హెచ్-4 మీద ఊరికే పని చేయకూడదు. హెచ్-1బీ ఉన్నవారికి ఐ-140 (గ్రీన్ కార్డు దారిలో పెట్టే అర్జీ) ఆమోదం వచ్చాక ఉద్యోగ అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వైద్యుల జాతీయ ప్రయోజన మినహాయింపు దారిలో ఐదేళ్ళ సేవ అడుగుతారు. దాని ఐ-140ను ఐదేళ్ళు పూర్తయ్యేదాకా ఆపక్కర్లేదు, ఒప్పందంతో ముందే పెట్టొచ్చు. అది చేరిన మొదటి నెలల్లోనే పెడితే అనుమతి తొందరగా చేతికొస్తుంది. ఆ తర్వాత బడిలో, ఆస్పత్రి బిల్లింగులో, కౌంటీ ఆఫీసులో అడగండి. కాన్సాస్ టీచరు లైసెన్సుకు ఇండియా డిగ్రీల మూల్యాంకనం కావాలి, ఆ కాగితాలు బయల్దేరే ముందే తెప్పించుకోండి.

చిన్న విషయం, కానీ ఇబ్బంది పెడుతుంది. గ్రీలీతో పాటు షెర్మన్, వాలెస్, హామిల్టన్ కౌంటీలు మౌంటెన్ టైమ్‌లో ఉన్నాయి. తూర్పున స్కాట్ సిటీ సెంట్రల్ టైమ్. ఇక్కడ నాలుగింటికి బయల్దేరితే దారికి దాదాపు గంట, గడియారానికి ఇంకో గంట పోయి అక్కడ ఆరవుతుంది. ఆఫీసులన్నీ మూసేసి ఉంటాయి.